మైలేజీ పెంచుతామనే సీసా ట్యాంకులో పోసే ముందు ఏం చూసుకోవాలి?

ఈ మధ్య కారున్నవాళ్లు ఎవరు కలిసినా మాట మైలేజీ మీదికే పోతోంది. బంకుల్లో వస్తున్న పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా సుమారు మూడోవంతు తక్కువ. పాత కారు మైలేజీ తగ్గిందన్న బాధలో నిజం ఉంది. అలాంటి కార్లకు 6 నుంచి 7 శాతం తగ్గుదల ఉండవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది.

ఈ బాధ చూసే సీసాలు, మాత్రలు, పొడులు అమ్మేవాళ్లు పెరిగారు. "ఒక్క మూత పొయ్యండి సార్, 20 శాతం ఆదా" అంటారు. మా బావగారు అలాగే ఒకటి కొన్నారు. కొన్నాళ్లకే ఇంజిన్ లైటు వెలిగింది. మెకానిక్ స్పార్క్ ప్లగ్‌లు విప్పి చూస్తే వాటి మీద ఎర్రటి తుప్పు రంగు పూత. ఆ ఖర్చు, ఆ టెన్షన్ ఇంకొకరికి రాకూడదని ఇది రాస్తున్నాను.

1. ఆదా ఎక్కడి నుంచి వస్తుందో అడగండి

అమ్మేవాళ్లు దాదాపు అందరూ చెప్పే మాట ఒకటే: "మీ ఇంజిన్‌లో పెట్రోల్ సరిగ్గా కాలడం లేదు, ఇది పూర్తిగా కాలుస్తుంది." బాగున్న ఇంజిన్ వేడెక్కాక, లోపలికి వెళ్లిన పెట్రోల్‌లో సుమారు 97, 98 శాతం ఎలాగూ కాలిపోతుంది. మిగిలిన రెండు మూడు శాతాన్నీ మంత్రం వేసినట్టు కాల్చేసినా పెరిగేది ఆ రెండు మూడు శాతమే. 20 శాతం ఎక్కడిది?

అసలు నష్టం వేరే చోట ఉంది. పెట్రోల్‌లోని శక్తిలో సగానికి పైగా వేడిగా మారి సైలెన్సర్‌లోంచి, రేడియేటర్‌లోంచి బయటికి పోతుంది. అది ఇంజిన్ తయారీతో వచ్చే విషయం. చెంచాడు ద్రవంతో మారదు. ఇథనాల్ వల్ల తగ్గిన శక్తి కూడా అంతే, 40 లీటర్ల ట్యాంకులో ఒక మూత పోస్తే తిరిగి రాదు.

2. సీసా మీద ఏం రాసి ఉందో చదవండి

లోపల ఏముందో రాయకపోతే ఆ సీసాను అక్కడే పెట్టేయండి. రాసి ఉంటే ఈ పేర్లు వెతకండి.

ఫెర్రోసిన్: ఇందులో ఇనుము ఉంటుంది. కాలాక ఐరన్ ఆక్సైడ్‌గా మారి స్పార్క్ ప్లగ్‌ల మీద పేరుకుంటుంది. ఆ పూత గుండా కరెంటు పక్కకు పోయి స్పార్క్ సరిగ్గా పడదు. బావగారి కారులో మెకానిక్ అనుమానించింది దీన్నే.

ఎంఎంటీ: ఇది మాంగనీసు పదార్థం. దీని మసి ప్లగ్‌ల మీద, ఆక్సిజన్ సెన్సర్ మీద, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో చేరుతుంది. కన్వర్టర్ మార్చాల్సి వస్తే బిల్లు వేలల్లో ఉంటుంది.

అసిటోన్: గోళ్ల రంగు తుడిచే ద్రవంలో వాడేది ఇదే. రబ్బరు సీళ్లను ఉబ్బించి పాడు చేస్తుంది. పెయింట్ మీద పడితే పెయింట్ లేస్తుంది. ఇట్టే అంటుకుంటుంది కూడా.

కలరా ఉండలు వేసే పాత చిట్కా, కిరసనాయిలు కలిపే చిట్కా ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. దయచేసి ఆ రెండూ వద్దు. కిరసనాయిలు ఆక్టేన్‌ను, అంటే పెట్రోల్ వేళ కాని వేళ అంటుకోకుండా ఆపే గుణాన్ని తగ్గిస్తుంది, ఇంజిన్ కొట్టుకోవడం మొదలవుతుంది.

"అమెరికా ఈపీఏలో (అక్కడి పర్యావరణ రక్షణ సంస్థలో) రిజిస్టర్ అయింది" అన్న ముద్ర చూసి నమ్మకండి. అది నమోదు మాత్రమే, మైలేజీ పెరుగుతుందని ఇచ్చిన హామీ కాదు. ఆ ఈపీఏ వందకు పైగా ఇలాంటి సరుకులను పరిశీలించి, మైలేజీని చెప్పుకోదగ్గంత పెంచేది ఒక్కటీ కనబడలేదని తేల్చింది. ఆస్ట్రేలియాలో ఫైర్‌పవర్ అనే సంస్థ ట్యాంకులో వేసే మాత్రతో ఇంధనం ఆదా అవుతుందని చెప్పి, క్రీడా జట్లకు స్పాన్సర్‌గా కూడా వెలిగింది. 2008లో అది కుప్పకూలి, మదుపు పెట్టినవాళ్ల డబ్బు పోయింది.

ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. ఇంజెక్టర్లలో మురికిని శుభ్రం చేసే మంచి క్లీనర్లు ఉన్నాయి. మురికి వల్ల పోయిన మైలేజీని అవి కొంత వెనక్కి తేగలవు. బాగున్న ఇంజిన్‌కు కొత్త మైలేజీ ఇవ్వలేవు.

3. లెక్క వేయండి

ట్యాంకు 40 లీటర్లు అనుకుందాం. అమ్మేవాడి మాట పక్కనపెట్టి, నిజంగానే 5 శాతం మిగిలిందనుకున్నా రెండు లీటర్లు. లీటరు 107 రూపాయల లెక్కన 214 రూపాయలు. ట్యాంకుకు ఒకటి చొప్పున వాడాల్సిన సీసా ధర 350 అయితే, మిగలడం మాట అటుంచి 136 రూపాయలు చేతి నుంచి పోతున్నాయి.

4. కారుతో వచ్చిన పుస్తకం తెరవండి

ఏ ఇంధనం వాడాలో, ఏవి కలపకూడదో అందులో ఉంటుంది. కంపెనీ ఒప్పుకోని ద్రవం వల్ల ఇంజెక్టర్ పాడైతే వారంటీ ఇవ్వకపోవచ్చు. డీజిల్ కారైతే ఇంకా జాగ్రత్త. వాటి ఇంజెక్టర్లు చాలా ఎక్కువ ఒత్తిడితో పనిచేస్తాయి, బీఎస్6 కాలుష్య నిబంధనల ప్రకారం వచ్చిన కార్లలో మసి పట్టే ఫిల్టర్ కూడా ఉంటుంది. లోహం ఉన్న ద్రవం మిగిల్చే బూడిద ఆ ఫిల్టర్‌లో చేరితే అంత తేలిగ్గా పోదు.

5. ముందు మీ అసలు మైలేజీ తెలుసుకోండి

ఏమీ కలపకుండానే ఒకే బంకులో ఆటో కట్ అయ్యేదాకా నింపి, ట్రిప్ మీటర్ సున్నా చేయండి. 300 కిలోమీటర్లు దాటాక మళ్లీ అలాగే నింపి, తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించండి. ఇలా మూడు ట్యాంకులు రాసుకోండి. ఏమీ కలపకపోయినా మూడు అంకెలు మూడు రకాలుగా వస్తాయి. అందుకే "పోశాక ఒకటి పెరిగింది" అన్న స్నేహితుడి మాట రుజువు కాదు. పైగా డబ్బు పెట్టి సీసా పోశాక ఎవరైనా కాస్త మెల్లగా, శ్రద్ధగానే నడుపుతారు.

అంకె నిజంగా తక్కువగా ఉంటే టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, ఈడుస్తున్న బ్రేకు చూపించండి.

6. ఇప్పటికే పోసేశారా?

పోసి ఇంకా స్టార్ట్ చేయకపోతే చేయకండి. తర్వాత వచ్చే రిపేరు కన్నా, బండిని టోయింగ్‌లో పంపి ట్యాంకు ఖాళీ చేయించడం చాలా చవక. నడిపాక ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటే పక్కకు తీసి ఆపండి. ఇంజిన్ మిస్ కొడుతుంటే కాలని పెట్రోల్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది. సర్వీస్ సెంటర్‌లో దాచకుండా ఏం పోశారో చెప్పండి, లేకపోతే వాళ్లు ఒక్కో భాగమే మారుస్తూ మీ డబ్బుతో వెతుకుతారు.

సీసా, బిల్లు, ప్రకటన ఫొటో జాగ్రత్త చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడుతుంది. మా బావగారు సీసాను చెత్తబుట్టలో పడేసి, ఫిర్యాదు చేద్దామనుకునేసరికి చూపించడానికి ఏమీ మిగల్లేదు.