పాత 50 మి.మీ. ఎఫ్ 1.4 లెన్సును పరీక్షించే పద్ధతి

పాత లెన్సుతో తీసిన ఫొటో మెత్తగా వచ్చినంత మాత్రాన ఆ లెన్సు చెడిపోయిందని తేల్చేయకూడదు. 1960లలో జపాన్‌లోని అసాహీ సంస్థ పెంటాక్స్ కెమెరాల కోసం తయారుచేసిన సూపర్ టకుమార్ 50 మి.మీ. ఎఫ్ 1.4 లెన్సునే తీసుకుంటే, అపర్చరును, అంటే కాంతి లోపలికి వచ్చే రంధ్రాన్ని, పూర్తిగా (ఎఫ్ 1.4కు) తెరిచినప్పుడు వెలుగు భాగాల అంచుల్లో కనిపించే సన్నని మెరుపు దాని డిజైనులోనే ఉన్న గుణం. నాలుగు మూలల్లో ఒక్కటి మాత్రమే మసకబారితే, అది మీ చేతిలోని లెన్సుకు తగిలిన దెబ్బ కావచ్చు. ఈ రెండింటినీ వేరుచేసి చూడటానికే పరీక్ష.

ముందుగా చీకటి గదిలో లెన్సు వెనుక నుంచి టార్చి వేసి లోపలి గాజు అద్దాలను ఏటవాలుగా చూడాలి. కొద్దిపాటి దుమ్ము, ముందు అద్దం మీది చిన్న గీత ఫొటోలో దాదాపు కనిపించవు. లోపలి పాలపొర లాంటి మసక మాత్రం కాంట్రాస్టును, అంటే వెలుగునీడల తేడాను, తగ్గిస్తుంది. తేమ ఎక్కువగా ఉండే మన తీరప్రాంతంలో నిల్వ ఉన్న లెన్సయితే సాలెగూడులా పాకే ఫంగస్ కోసం మరింత జాగ్రత్తగా వెతకాలి. ఏడు అద్దాల టకుమార్‌లో థోరియం అనే రేడియోధార్మిక మూలకం కలిపిన గాజు ఉంటుంది కనుక అది ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. కొన్ని రోజులు లేదా వారాల పాటు అతినీలలోహిత కాంతి సోకితే ఆ రంగు చాలావరకు విరిగిపోతుంది కాబట్టి, దీన్ని పెద్ద లోపంగా నేను లెక్కించను.

తరువాత ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్ము ఫ్రేమ్ అంత సెన్సరు ఉన్న) మిర్రర్‌లెస్ కెమెరాకు ఎం42 అడాప్టర్‌తో, అంటే ఈ లెన్సు మరబిగింపుకు సరిపోయే రింగుతో, లెన్సు బిగించి, పక్కనున్న మీటను ‘ఎం’ వైపు జరపాలి. లేకపోతే చాలా అడాప్టర్ల మీద రింగు ఎంత తిప్పినా అపర్చరు మూసుకోదు. గోడ మీద మధ్యలోనూ నాలుగు మూలల్లోనూ దినపత్రిక పేజీలు అంటించి, ట్రైపాడ్‌ను రెండున్నర మీటర్ల దూరంలో నిలపండి. మన అక్షరాల కింది సన్నని ఒత్తులు ఈ పనికి చక్కగా ఉపయోగపడతాయి. గోడకు ముఖం చూసుకునే చిన్న అద్దం ఆనించి చూసినప్పుడు లెన్సు ప్రతిబింబం ఫ్రేమ్ నడిమధ్యన కనిపిస్తే కెమెరా గోడకు సమాంతరంగా ఉన్నట్టే.

టైమర్ పెట్టి ఎఫ్ 1.4 నుంచి 8 వరకు ప్రతి అపర్చరు వద్దా ఒక్కొక్క ఫొటో తీయాలి. మీటరు దూరంలో ఎఫ్ 1.4 వద్ద స్పష్టంగా కనిపించే మందం సుమారు 3 సెంటీమీటర్లే కనుక, తెరమీద బొమ్మను పెద్దదిగా చేసుకునే ఫోకస్ చేయాలి. అపర్చరు మూసేకొద్దీ ఫోకస్ కొంత జరిగే అవకాశం ఉన్నందున ప్రతిసారీ మళ్లీ సరిచూసుకోవాలి. మూలలు మసకగా వస్తే, ఆ మూల మీదే ఫోకస్ చేసి ఇంకొకటి తీయండి. నాలుగు మూలలూ ఒకే తీరుగా తేటపడితే అది ఫోకస్ తలం వంపు, అంటే మధ్యభాగం, మూలలు ఒకే దూరంలో ఫోకస్ కాకపోవడం; అది డిజైను గుణమే. ఒక్క పక్కే మసకగా మిగిలితే లెన్సు లోపలి అద్దం పక్కకు జరిగి ఉండవచ్చు. అయితే అడాప్టర్ వంకరగా ఉన్నా ఇదే కనిపిస్తుంది కాబట్టి, అదే అడాప్టర్‌తో మరో లెన్సును పరీక్షించకుండా తీర్పు చెప్పవద్దు.

రాత్రివేళ దూరపు వీధిదీపాన్ని ఎఫ్ 1.4 వద్ద తీసినప్పుడు, మూలల్లో అది రెక్కలు విప్పినట్టు సాగడం ఈ తరం లెన్సులకు సహజమే. మధ్యలో కూడా ఒక వైపుకు తోక కనిపిస్తే మాత్రం కొనకండి. చివరగా దీపాన్ని ఫ్రేమ్ అంచుకు తెచ్చి, హుడ్ (లెన్సు ముందు తగిలించే నీడ గొట్టం) లేకుండా ఒకటి, హుడ్‌తో ఒకటి తీసి పోల్చండి. 1971లో వచ్చిన బహుళపూత (అద్దాల మీద ప్రతిఫలనాన్ని తగ్గించే అనేక పొరల పూత) రకానికి ముందరి లెన్సుల్లో ఈ తేడా ప్రస్ఫుటంగా ఉంటుంది.