వేసవి సాయంత్రం బీచ్‌కి బయల్దేరుతున్నారా, ముందు ఇసుక సంగతి చూడండి

ఎండాకాలం విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్లేముందు అందరూ ఫోన్‌లో గాలి ఎంతుందో చూస్తారు. నేనైతే దిగగానే గుప్పెడు ఇసుక తీసి పిడికిలి బిగిస్తాను. ముద్దగా నిలిస్తే ఫరవాలేదు, పంచదారలా వేళ్ల సందుల్లోంచి జారిపోతే మాత్రం ఆ రోజు కళ్లకి పనే. తడి ఉంటే రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఓ మాదిరి గాలికి లేవవు, పూర్తిగా ఎండిన సన్న ఇసుకకి గంటకు 20 కిలోమీటర్ల గాలి చాలు. అక్కణ్ణించి లెక్క మారిపోతుంది, గాలి రెట్టింపైతే ఇసుక దాదాపు ఎనిమిది రెట్లు కదులుతుంది. లిబియా ఎడారిలో తిరిగిన బాగ్నాల్డ్ అనే బ్రిటిష్ సైనిక ఇంజినీరు తేల్చిన సంగతి ఇది.

పొద్దున్నే అయితే రాత్రి తేమ ఇంకా ఉంటుంది, గాలీ తక్కువే. మధ్యాహ్నానికి పైపొర ఎండిపోతుంది, సరిగ్గా అప్పుడే సముద్రపు గాలి ఊపందుకుంటుంది. చిన్నపిల్లలుంటే రెండు నుంచి ఐదు దాకా వద్దు.

ఎందుకంటే ఇసుక మేఘంలా పైకి లేవదు, నేలమీద గెంతుతూ పోతుంది, ఎక్కువ భాగం మోకాలి కిందే. మనకి పిక్కల మీద సురసురమనేది, కూర్చుని గూడు కడుతున్న పిల్లకి సరిగ్గా మొహం మీద. కిందటేడు మా మేనకోడలు కంట్లో పడితే చున్నీ అంచుతో నలిపేసింది, రెండ్రోజులు ఎర్రగానే ఉంది. నలపకూడదు, మంచినీళ్లతో కడగాలి. కాంటాక్ట్ లెన్సులు ఇంట్లోనే వదిలేయండి. మురీ మిక్స్చర్ మూత లేని బండి దగ్గర కొనకండి, నేను ఉప్పనుకుని నమిలింది ఇసుకే.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఇంకో ముప్పు ఉంది. పడమట కొండల మీద మబ్బు నల్లగా కమ్మి, సముద్రపు గాలి ఉన్నట్టుండి ఆగిపోయిందంటే కాసేపట్లో ఊరివైపు నుంచి చల్లటి ఈదురుగాలి కొట్టొచ్చు, అప్పటిదాకా ఎండిన ఇసుకంతా ఒక్కసారిగా లేస్తుంది. చెట్ల కిందకీ హోర్డింగుల కిందకీ పరిగెత్తకండి, గట్టి కట్టడంలోకి వెళ్లండి. నాలుగు చినుకులు గట్టిగా పడితే ఇసుక అణిగిపోతుంది.

రుషికొండ, భీమిలి వైపు బైక్ మీద పోయేవాళ్లు మలుపుల్లో రోడ్డు అంచు చూసుకోండి. తారు మీద పల్చగా పరుచుకున్న ఇసుక కనిపించదు గానీ ముందు బ్రేకు పట్టగానే టైరు జారుతుంది.

ఇంటికొచ్చాక కారుని పొడిగుడ్డతో తుడవొద్దు, ముందు నీళ్లు పోయండి. మా బావకి చెప్తే వినలేదు, బానెట్ మీద గీతలు ఇప్పటికీ ఎండలో మెరుస్తున్నాయి.