మున్సిపల్ కౌన్సిల్ మీటింగ్‌లో మీ వీధి మాట వినిపించాలంటే

మీటింగ్ రోజున వెళ్లి గొంతు చించుకుంటే పని జరగదు, అప్పటికే చాలా విషయాలు కమిటీల్లో తేలిపోయి ఉంటాయి, అందుకే ముందు అజెండా సంపాదించి చదవండి. బడ్జెట్‌లో మొత్తం అంకె చూసి ఆగిపోవద్దు. జీతాలు, కరెంటు బిల్లులు, రిపేర్లు రోజువారీ ఖర్చు; కొత్త రోడ్డు, కొత్త డ్రైనేజీ పెట్టుబడి ఖర్చు. రోడ్డు వేయడానికి డబ్బు చూపించి మెయింటెనెన్స్‌కి ఏమీ పెట్టకపోతే నాలుగు వానలకే గుంతలు పడతాయి. పోయినేడు కేటాయించింది ఎంత, నిజంగా ఖర్చయింది ఎంత అని పక్కపక్కన రాసుకుని ఆ తేడా గురించే అడగండి.

రోడ్డు సంగతైతే ఫొటో, తేదీ, ఏ మలుపు నుంచి ఏ మలుపు దాకా అన్నది చాలు. పైపులైన్ ముందా, తారు ముందా అని తప్పకుండా అడగండి, వేసిన నెలకే తవ్వేస్తుంటే కడుపు మండిపోతుంది.

జోన్ మార్పు, అంటే ఒక స్థలాన్ని దేనికి వాడొచ్చో మార్చడం, ఆ విషయంలో మాత్రం అస్సలు ఆలస్యం వద్దు. అభ్యంతరాలకి గడువు ఉంటుంది, అది దాటితే ఎంత న్యాయమైన మాటైనా రికార్డుకి ఎక్కడం కష్టం. ఇళ్ల మధ్య స్థలం వాణిజ్యానికి మారితే ట్రాఫిక్, పార్కింగ్, నీళ్లు, మురుగు ఏమవుతాయో కాగితం మీద రాసిచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోండి. మాట్లాడే అవకాశం ఇచ్చినా మహా అయితే కొన్ని నిమిషాలే, ఒక్క విషయమే పట్టుకుని గట్టిగా చెప్పండి.