చిప్స్ ప్యాకెట్లు, చిరుతిళ్ల కవర్లు సరిగ్గా పారేయడం ఎలా?

పాత పేపర్లు, అట్టపెట్టెలు, నూనె సీసాలు పాత సామాన్లవాళ్లు తూకం వేసి కొనుక్కుపోతారు. చిప్స్ ప్యాకెట్లను మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోరు. ఒక సంచినిండా పోగేసినా బరువు తూగవు, తూగినా కొనేవాళ్లు లేరు. అందుకే మురుగుకాలువల్లో, ఖాళీ స్థలాల్లో, చెరువు గట్ల మీద ఎక్కువగా కనిపించేవి ఇవే. వీటిని చెత్తబండి దాకా భద్రంగా చేర్చే బాధ్యత తిన్నవాళ్లదే.

ముందు ఆ ప్యాకెట్ ఏమిటో తెలుసుకోవాలి. లోపల వెండిలా మెరిసేది అల్యూమినియం రేకు అనుకుంటాం. చాలా ప్యాకెట్లలో అది ప్లాస్టిక్ ఫిల్మ్ మీద పట్టించిన అతి పలచని అల్యూమినియం పూత. దానికి మరో ప్లాస్టిక్ పొర, రంగుల అచ్చు కలిసి అతుక్కుని ఉంటాయి. గాలి, తేమ, వెలుతురు లోపలికి పోకుండా చిప్స్ కరకరలాడుతూ ఉండేది ఈ పొరల వల్లే. వాటిని మళ్లీ విడదీయడం ఖర్చుతో కూడిన పని కాబట్టే స్క్రాప్ కొట్టులో దీనికి ధర లేదు. అనుమానం వస్తే ప్యాకెట్‌ను గుప్పిట్లో నలిపి వదలండి. మళ్లీ విచ్చుకుంటే ప్లాస్టిక్, నలిగింది నలిగినట్టే ఉంటే రేకు.

ప్యాకెట్ విప్పేటప్పుడే జాగ్రత్త మొదలవ్వాలి. మూల చించి ఆ చిన్న ముక్కను కింద పడేయడం మనందరికీ అలవాటు. ఆ ముక్క చీపురుకు అందదు, చెత్త ఏరేవాళ్ల చేతికీ చిక్కదు, నేరుగా కాలువలోకి పోతుంది. కత్తెరతో కోసినా చివర కొంచెం అంటుకుని ఉండేలా కోయండి. పాల ప్యాకెట్‌కూ ఇదే పద్ధతి.

తినడం అయ్యాక లోపలి పొడి దులిపేయండి. చిప్స్, మిక్చర్ కవర్లను కడగక్కర్లేదు, పాత కాగితంతో ఒకసారి తుడిస్తే చాలు. సాస్, జామ్, చాక్లెట్ అంటుకున్నవి గిన్నెలు కడిగిన చివరి నీళ్లలో ముంచి తీసి ఆరబెట్టండి. తడి కవరు దాస్తే వాసన, చీమలు. పైగా తడి ప్యాకెట్ ఒక్కటి పడితే దాని కింది పేపర్లు కూడా పాడై స్క్రాప్‌కు పనికిరావు.

తర్వాత వేరు చేయడం. బిస్కెట్ల అట్టపెట్టె, గట్టి ప్లాస్టిక్ ట్రే, కూల్‌డ్రింక్ సీసా, రేకు డబ్బా స్క్రాప్‌కు వెళ్తాయి. మిరపకాయ బజ్జీల పొట్లం నూనె పీల్చుకుంటుంది కాబట్టి పేపర్ల కట్టలో కలపకూడదు. అది, విస్తరాకు, అరటాకు తడి చెత్తలోకి. మిగిలే మెరుపు ప్యాకెట్లు, చాక్లెట్ కవర్ల కోసం వంటింటి తలుపు వెనక ఒక సంచి తగిలించండి. చిన్న చాక్లెట్ కవర్లను పెద్ద చిప్స్ ప్యాకెట్‌లో వేసి పెడితే గాలికి ఎగరవు. ప్యాకెట్లను ముడి వేయకుండా చదునుగా పెట్టండి.

సంచి నిండాక పొడి చెత్తలో ఇవ్వాలి. హైదరాబాద్‌లోనూ ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లోనూ పొడి చెత్తకు నీలం డబ్బా, తడికి ఆకుపచ్చ. బండి వచ్చినప్పుడు సంచిని విడిగా చేతికే ఇచ్చి, లోపల ఏముందో చెప్పండి. వేరు చేసిన ప్యాకెట్లలో కొన్ని సిమెంటు ఫ్యాక్టరీల బట్టీలకు చేరతాయి. 1,400 డిగ్రీలు దాటిన వేడిలో బొగ్గుకు బదులుగా మండుతాయి. అవి తిరిగి కొత్త ప్యాకెట్లు కావు, నిజమే. అయినా డంపింగ్ యార్డులో తరాల తరబడి పడి ఉండటం కన్నా ఇది ఎంతో నయం. ప్యాకింగ్ చెత్తను సేకరించే బాధ్యత తయారీ కంపెనీలదేనని కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే మన ఇంట్లో తడి చెత్తతో కలిసిపోయిన ప్యాకెట్‌ను తర్వాత ఏ కంపెనీ అయినా ఏరడం చాలా కష్టం.

పల్లెల్లో పంచాయతీ ట్రాక్టర్ వస్తే దానికి, చెత్త వేరు చేసే షెడ్డు ఉంటే అక్కడికి ఇవ్వండి. బండే రాని ఊళ్లో శుభ్రమైన, పొడి ప్యాకెట్లను ఖాళీ నీళ్ల సీసాలో కర్రతో గట్టిగా కూరి దాచవచ్చు. లీటరు సీసా కనీసం 330 గ్రాములు తూగితేనే అది గట్టిగా నిండినట్టు. ఎండలో పెట్టకండి, ప్లాస్టిక్ పెళుసై పొడిపొడి అవుతుంది. దాచింది ఎప్పటికైనా చెత్త కేంద్రానికి చేర్చాల్సిందే.

తగలబెట్టడం మాత్రం వద్దే వద్దు. నీళ్ల పొయ్యి రాజేయడానికి కవర్లు వాడే ఇళ్లు ఇంకా ఉన్నాయి. భోగి మంటలో కూడా పిడకలతో పాటు ప్లాస్టిక్ పడుతోంది. ఆ పొగ ముందుగా పీల్చేది మంట చుట్టూ నిలబడ్డ పిల్లలు, పెద్దవాళ్లే. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే ఆదేశించింది.

ప్రయాణాల్లో ఒక ఖాళీ సంచి వెంట ఉంచుకోండి. శ్రీశైలం ఘాట్ రోడ్డులో కోతుల ముందు ప్యాకెట్లు విసిరే అలవాటు చూస్తే బాధేస్తుంది. ఉప్పు, నూనె వాసనకు జంతువులు కవరుతో సహా నమిలేస్తాయి.

కొనేటప్పుడు ఐదు, పది రూపాయల ప్యాకెట్లు డజను బదులు పెద్దది ఒకటి కొని డబ్బాలో పోసుకుంటే కవర్లు తగ్గుతాయి. ఇంకా మంచి దారి, చేగోడీలు, జంతికలు, బూందీ మిఠాయి కొట్టులో స్టీలు డబ్బా ఇచ్చి పోయించుకోవడం. ముందు ఖాళీ డబ్బాను కాటా మీద పెట్టించి, ఆ బరువు తీసేశాకే సరుకు తూయమనండి.