జ్వరం తగ్గింది, సబ్జెక్టులు పోయాయి: ఇప్పుడేం చేయాలి?

నేను జేఎన్‌టీయూ హైదరాబాద్ కింద ఉన్న కాలేజీలో సివిల్ చదువుతున్నాను. సెకండియర్ పరీక్షల ముందు టైఫాయిడ్ వచ్చింది. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌తో పాటు ఇంకో సబ్జెక్టు పోయింది. మంచాన పడి లేచి ఫెయిలైనవాళ్లకు “ఇంకా బాగా చదువు” అని చెప్పడం అన్యాయం. వాళ్లకు ముందు కావాల్సింది వేరే.

రిజల్ట్ చూసి ఏడుపొస్తే ఏడవండి. ఆ వెంటనే రీకౌంటింగ్, రీవాల్యుయేషన్ నోటిఫికేషన్ చూడండి, గడువు తక్కువ ఉంటుంది. అన్ని ప్రశ్నలూ రాసి కొద్దిలో పోయిందనిపిస్తే ఫీజు కట్టండి. సగం పేపర్ ఖాళీగా వదిలేసి ఉంటే ఆ డబ్బు సప్లీకి దాచుకోండి.

డిశ్చార్జి సమ్మరీ, బ్లడ్ రిపోర్టులు, మెడికల్ సర్టిఫికెట్ ఒకే ఫైల్లో పెట్టుకోండి. అటెండెన్స్ 75 శాతం ఉండాలి. 65కు తగ్గకపోతే జబ్బు కారణం చూపి కండొనేషన్ (తగ్గిన అటెండెన్స్‌ను మన్నించమని) అడగొచ్చు, అంతకంటే తగ్గితే డిటెయినే, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. సర్టిఫికెట్ చూపిస్తే ఎక్స్‌టర్నల్‌లో (సెమిస్టర్ చివరి పరీక్షలో) మార్కులు కలుపుతారని మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఇంట్లో మీరే చెప్పండి, వేరేవాళ్ల నోట వినకూడదు. నేను ఫోన్లో ఇలా చెప్పాను: “నాన్నా, రెండు సబ్జెక్టులు పోయాయి. రీవాల్యుయేషన్‌కు ఒకటి వేస్తున్నా. రెండోది సప్లీలో రాస్తా, సార్‌ను అడిగి చెప్పించుకుంటా.” ఏం చేయబోతున్నారో కూడా చెబితే పెద్దవాళ్ల కంగారు సగం తగ్గుతుంది.

చదువు దగ్గరే అసలు కష్టం. జ్వరం పోయినా నీరసం వారాల తరబడి వదలదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి, బుర్రకెక్కవు. అది సోమరితనం కాదు. నేను టిఫిన్ తిన్నాక ఒక్క బీమ్ లెక్క తీసుకునేదాన్ని. సపోర్టుల దగ్గర రియాక్షన్లు లెక్కగట్టి, షియర్ ఫోర్స్ డయాగ్రమ్ గీసి, దాని కింద బెండింగ్ మూమెంట్ గీసేసరికి చెమట పట్టేది. అక్కడితో ఆపేసి పడుకునేదాన్ని. ఒంట్లో ఓపిక వచ్చాక రెండు లెక్కలు. నైటౌట్లు అస్సలు వద్దు, బలహీనంగా ఉన్న ఒంటికి నిద్రే మందు. నీరసం ఎంతకీ తగ్గకపోతే మళ్లీ డాక్టర్‌ను కలవండి.

బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే రూమ్‌లో ఒక్కరే ఉండకండి. పక్క రూమ్‌వాళ్లను లేపండి, 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ నంబరు. ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడొచ్చు.

సప్లీకి మిడ్ మార్కులు, అంటే ఇంటర్నల్, అలాగే ఉంటాయి. కాబట్టి ముందు లెక్క వేసుకోండి. ఆర్22లో (2022 నాటి జేఎన్‌టీయూ నిబంధనల్లో) ఎక్స్‌టర్నల్ 60కి కనీసం 21, మొత్తం 100కి 40 రావాలి. ఇంటర్నల్ 16 ఉంటే ఎక్స్‌టర్నల్‌లో 24 చాలు. ఆ 24 ఏ యూనిట్ల నుంచి తెచ్చుకోవచ్చో పాత పేపర్లు ముందేసుకుని సార్‌తో కూర్చుని తేల్చుకోండి. చదవడం ఆ యూనిట్లతోనే మొదలుపెట్టండి.