నూనె పేలికలు: షట్టర్ దించే ముందు చేయాల్సిన పని

టేకు తలుపుకి లిన్సీడ్ ఆయిల్ పట్టించి, తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేసి ఇంటికి వెళ్లిపోతారు. అగ్గిపుల్ల లేకుండా, కరెంటు తీగ తగలకుండా, నాలుగైదు గంటల తర్వాత ఆ ఉండ తనంతట తానే రాజుకోవచ్చు. 1991 ఫిబ్రవరి 23న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజా భవనం తగలబడింది. చెక్క పనికి వాడి 22వ అంతస్తులో వదిలేసిన లిన్సీడ్ గుడ్డలే దానికి కారణం. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు.

లిన్సీడ్ అంటే అవిసె నూనె. అది ఆరడం నీళ్లు ఆరినట్టు కాదు. గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుని గట్టిపడుతుంది, ఆ క్రమంలో వేడి పుట్టిస్తుంది. తలుపు మీద పల్చగా ఉన్నప్పుడు ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. గుడ్డ పోగులకు అంటుకున్నప్పుడు గాలి తగిలే చోటు ఎన్నో రెట్లు పెరుగుతుంది, పైగా ఉండచుడితే వేడి బయటికి పోదు. సుమారుగా ప్రతి 10 డిగ్రీలకు ఈ చర్య వేగం రెట్టింపవుతుంది కాబట్టి వేడి వేడినే పెంచుతుంది. సరిగా ఆరని గడ్డిని వామి వేస్తే లోపల కాగడం రైతులకు తెలుసు. అక్కడ మొదటి వేడి పుట్టించేవి సూక్ష్మజీవులు, ఇక్కడ ఆక్సిజన్. కుప్ప వేడిని పట్టి ఉంచడం మాత్రం రెండు చోట్లా ఒకటే. మే నెలలో 40 డిగ్రీలు దాటే తిరుపతి, రేణిగుంట రేకుల షెడ్లలో ఆ కుప్ప మొదలే వేడిగా ఉంటుంది.

అన్ని నూనెలూ ఇలా చేయవు. లిన్సీడ్, టంగ్ (టంగ్ చెట్టు గింజల నూనె), డానిష్ ఆయిల్ (ఇలాంటి నూనెకు వార్నిష్ కలిపింది), ఆయిల్ వార్నిష్, ఎనామెల్ పెయింట్, వీటిని తుడిచిన గుడ్డల మీద కన్నేసి ఉంచాలి. ‘బాయిల్డ్’ లిన్సీడ్‌లో త్వరగా ఆరడానికి డ్రయ్యర్లు అనే లోహ లవణాలు కలుపుతారు, అందుకే పచ్చి నూనె కంటే అది ఇంకా త్వరగా వేడెక్కుతుంది. ‘టేకు ఆయిల్’ పేరుతో అమ్మేది టేకు చెట్టు నుంచి రాదు. చాలావాటిలో ఉండేది లిన్సీడో టంగో, కాబట్టి డబ్బా మీద చదవండి. కొబ్బరి నూనె, ఇంజిన్ ఆయిల్, గ్రీజు మామూలుగా ఇలా తమంతట తాము రాజుకోవు. ఏ గుడ్డకు ఏది అంటిందో తెలియకపోతే లిన్సీడ్ గుడ్డ కిందే లెక్కవేయండి.

చిన్న షెడ్డుకి మా మొదటి మాట నీళ్ల డబ్బా. మూత గట్టిగా పట్టే ఇనుప బకెట్‌లో మూడింట రెండు వంతులు నీళ్లు పోసి, గుప్పెడు బట్టల సబ్బు పొడి వేయండి. నూనె పట్టిన గుడ్డకు నీళ్లు త్వరగా ఎక్కవు, సబ్బు అందుకే. గుడ్డ చేతి నుంచి నేరుగా అందులోకే పోవాలి, ‘చివర్లో అన్నీ కలిపి వేద్దాం’ అన్న మాట వద్దు. పైన రాయి పెట్టి, నాలుగు వేళ్ల లోతున మునిగి ఉండేలా చూడండి. నీళ్ల పైకి తేలిన కొస ఆరితే అక్కడ మళ్లీ మొదలవుతుంది. ఎండాకాలంలో రోజూ పొద్దున్నే నీటి మట్టం చూసుకోవాలి. అడుగు తుప్పు పట్టి కారితే గుడ్డలు ఎండిపోతాయి, డబ్బా మార్చేయండి.

నీళ్లు వద్దనుకుంటే ఆరబెట్టడమే. షెడ్డు బయట, సిమెంటు నేల మీదో ఇనుప జాలీ మీదో ఒక్క పొరగా పరచండి. మడత ఉండకూడదు, ఒకదాని మీద ఒకటి పడకూడదు. గాలికి ఎగరకుండా అంచుల మీద రాళ్లు పెట్టండి. నీడలో, గాలి ఆడే చోట అయితే మంచిది. రెండు మూడు రోజులకు అప్పడంలా బిరుసెక్కాక ఇక అది తనంతట తాను రాజుకోదు, నిప్పు తగిలితే మాత్రం మండుతుంది.

ప్లాస్టిక్ కవర్‌లో ముడివేసి పెట్టడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. వేడి బయటికి పోదు, లోపలున్న గాలి మాత్రం రాజుకోవడానికి సరిపోవచ్చు. రంపపు పొట్టుతో ఒలికిన లిన్సీడ్‌ని ఎత్తి అదే మూలన పోయడం కూడా అంతే ప్రమాదం, పొట్టు గుడ్డ కంటే మెత్తటి కుప్ప. ఒలికిన నూనె మీద ఇసుక చల్లండి. నూనె పూసిన చెక్కను శాండర్‌తో రుద్దితే దాని దుమ్ము సంచీని సాయంత్రమే ఖాళీ చేయాలి. మాధవమాల వంటి కొయ్యబొమ్మల ఊళ్లలో పొట్టు కుప్పలు చెక్క పక్కనే ఉంటాయి, కాబట్టి నూనె గుడ్డ ఆ వైపుకే పోకూడదు.

చిత్తూరు రోడ్ల పక్కన లారీ షెడ్లలో సమస్య వేరు. డీజిల్, పెట్రోల్, థిన్నర్ పట్టిన వేస్ట్ కాటన్‌ని మూత ఉన్న ఇనుప డ్రమ్ములో, లిన్సీడ్ గుడ్డలతో కలపకుండా వేయండి. పెట్రోల్, థిన్నర్ ఆవిరి గాలికంటే బరువు. నేల వెంట పాకి దూరంగా ఉన్న గ్రైండర్ నిప్పురవ్వను అందుకుంటుంది. వెల్డింగ్ చేసే చోటుకు డ్రమ్ము 35 అడుగుల దూరంలో ఉండాలి.

కుప్ప దగ్గర కమురు వాసన వచ్చినా, పైన చేయి పెడితే వెచ్చగా తగిలినా దాన్ని విప్పకండి. విప్పితే లోపలికి గాలి తగిలి భగ్గుమంటుంది. పొడవు పిడి పారతో ఎత్తి బయట నీళ్లలో ముంచండి, లేదా దూరం నుంచి నీళ్లు పోయండి. మంట లేస్తే బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి. డబ్బాలోని ద్రవ నూనె అంటుకుంటే నీళ్లు పనికిరావు, ఇసుక లేదా పొడి ఎక్స్‌టింగ్విషర్ వాడాలి.

పారేయడానికి నీళ్ల డబ్బాలోంచి తీసిన గుడ్డను అలాగే సంచీలో కుక్కితే, నీరు ఆరాక మళ్లీ వేడెక్కడం మొదలవుతుంది. వెంటనే పరిచి బిరుసెక్కనివ్వండి. మున్సిపాలిటీ బండికి ఇచ్చేటప్పుడు కాగితాల్లో కలపకుండా వేరుగా ఇచ్చి, అవేమిటో సిబ్బందికి చెప్పండి. ఫ్యాక్టరీలకైతే 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల షెడ్యూలులో కలుషితమైన కాటన్ పేలికలు ఉన్నాయి. మామూలుగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు, అనుమతి ఉన్నవారికే అప్పగించాలి. కాల్చి పారేయడం వద్దు. డబ్బాలోని నూనె నీళ్లను కాలువలో పోస్తే తిరుపతి వైపు అవి చివరికి స్వర్ణముఖి నదిలోకి చేరతాయి. వాటిని ఇసుకలో ఇంకించి, ఆ ఇసుకను కూడా గుడ్డల్లాగే పల్చగా పరిచి ఆరనిచ్చి, వాటితోపాటే పంపండి.