కాలిక్యులేటర్ లేకుండా పిన్‌కోడ్‌కు కారణాంకాలు కనుక్కోవడం ఎలా?

సెలవులకు నెల్లూరు నుంచి మా అక్క కూతురు వచ్చింది. చెన్నై మందవెల్లిలో మా ఇల్లు. పార్సిల్ మీద అడ్రస్ చూస్తూ, "పిన్నీ, ఈ 600028 ఏ ఎక్కంలో పోతుంది?" అంది. నేను ఫోన్ తీయబోతే ఒప్పుకోలేదు. పార్సిల్ అట్ట వెనకే లెక్క మొదలుపెట్టాం.

ముందు సులువైనవి తేల్చేయండి. చివరి రెండంకెలు 28, నాలుగో ఎక్కంలో పోతుంది, కాబట్టి మొత్తం సంఖ్య కూడా పోతుంది. అంకెలు కూడితే 16, అంటే 3 లేదు, 9 లేదు. చివర 0 గానీ 5 గానీ లేదు కాబట్టి 5 కూడా లేదు.

అసలు తిప్పలు 7, 11, 13తోనే. బళ్లో 7కు చెప్పిన సూత్రం నాకెప్పుడూ గుర్తుండి చావదు. ఈ మూడింటినీ ఒకేసారి చూసే కిటుకు ఒకటుంది. సంఖ్యను కుడివైపు నుంచి మూడేసి అంకెలుగా విడదీయండి. (6,00,028 అని మనం పెట్టుకునే లక్షల కామా ఇక్కడ పనికిరాదు.) 600, 028 వచ్చాయి. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే 572. ఇక దీన్ని చూస్తే చాలు. 7తో భాగిస్తే 5 మిగిలింది. 11 × 52 సరిపోయింది, 13 × 44 కూడా. 11, 13 రెండూ దొరికాయి!

ఎందుకలా? 7 × 11 × 13 = 1001. మన సంఖ్య 600 × 1001 − 572. మొదటి భాగం ఆ మూడింటితో ఎలాగూ పోతుంది, తేలాల్సింది 572 సంగతే. తమాషా ఏంటంటే, పిన్‌కోడ్ కూడా అక్కడే విరుగుతుంది: 600 చెన్నైది, 028 మా పోస్టాఫీసుది.

తర్వాత భాగించుకుంటూ పోండి. 4తో భాగిస్తే 150007, దాన్ని 11తో భాగిస్తే 13637, దాన్ని 13తో భాగిస్తే 1049. ఇది ప్రధాన సంఖ్యేనా? 33 × 33 = 1089, 1049ని దాటేసింది. కాబట్టి 31 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. ఏదీ పోలేదు. అంటే 600028 = 2 × 2 × 11 × 13 × 1049.

600028 భాజకాలు, అంటే దాన్ని శేషం లేకుండా భాగించే సంఖ్యలు, మొత్తం ఎన్నో తేల్చడం చిటికెలో పని. 2ను అసలు తీసుకోకపోవచ్చు, ఒకసారి తీసుకోవచ్చు, రెండుసార్లు తీసుకోవచ్చు: 3 దారులు. మిగతా మూడింటికీ రెండేసి దారులు. 3 × 2 × 2 × 2 = 24.

రెండుచోట్ల నేను బోల్తా పడ్డాను. రామానుజన్ కొన్నాళ్లున్న ట్రిప్లికేన్ 600005. తేడా 595, 7తో పోతుంది. ఒక 7 తీసేసి ఊరుకున్నాను. వచ్చిన జవాబును మళ్లీ 7తో చూడాలని పిల్లే చెప్పింది. నిజమే, 5 × 7 × 7 × 31 × 79.

రెండోది టీ నగర్, 600017. తేడా 583, అంటే 11 × 53. 53 కూడా దొరికిందని సంబరపడ్డాను. కానీ 1001లో 53 లేదు కదా, ఈ కిటుకు దానికి వర్తించదు. 11తో భాగిస్తే 54547 వచ్చింది. దాన్ని తేల్చడానికి 233 దాకా ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. ఒక మధ్యాహ్నమంతా ఇద్దరం కూర్చుని భాగించాం. ప్రధాన సంఖ్యే.